పువ్వుతో మొదలయ్యే శిక్ష

సూర్యుడు తూర్పు కొండల మీదికి బారెడు ఎక్కేసరికి శ్వేతపురి నగరం పాలసముద్రంలోంచి అప్పుడే తేలివచ్చినట్టు ధగధగలాడింది. కోటగోడలు తెలుపు, బురుజులు తెలుపు, బారులు తీరిన మేడలూ వాటి మీద వాలిన పావురాలూ తెలుపు. ఒకనాడు దాన్ని చిత్రపురి అనేవారు. నెమలిమెడ రంగు గోపురాలతో, కుంకుమపువ్వు రంగు ధ్వజాలతో, వీధి వీధికీ మారిపోయే తోరణాలతో ఆ నగరం కొత్త పెళ్ళికూతురిలా ఉండేదని బాటసారులు చెప్పుకునేవారు. భస్మాక్షుడనే మాంత్రికుడు అక్కడి రాజును కడతేర్చి సింహాసనం ఎక్కాక, ఆ రంగులన్నిటి మీదా సున్నం పడింది.

నగరం తూర్పు వాకిలి ముందు, లోపలికి పోవడానికి నిలబడ్డ జనం వరసలో, నెత్తిన సాంబ్రాణి బుట్టతో ఒక యువకుడూ, చేతికర్ర ఊతంగా ఒక ముసలమ్మా ఉన్నారు. ఆ యువకుడు మరకతగిరి యువరాజు ఉత్పలకేతు. ముసలమ్మ అతనికి పాలిచ్చి పెంచిన దాది ఓబమ్మ.

ఓబమ్మ కన్నకొడుకు సింగనా, ఉత్పలకేతూ ఒకే ఒడిలో పెరిగారు. భస్మాక్షుడు జనాన్ని గొర్రెలమందలా నడిపిస్తున్నాడనీ, అందుకు అతని దగ్గర ఏదో మహామంత్రం ఉందనీ మరకతగిరిలో గుసగుసలు పుట్టినప్పుడు, ఆ మంత్రం ఆనుపానులు తెలుసుకు రమ్మని సింగనను వేగులవాడిగా పంపింది ఉత్పలకేతే. పోయినవాడు ఏడాది తిరిగినా రాలేదు. కబురూ లేదు, కాకరకాయా లేదు. చివరికి యువరాజు తానే మారువేషంలో బయలుదేరితే ఓబమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"నా కొడుకును పంపేటప్పుడు నన్ను అడిగావా? ఇప్పుడు నన్ను రావద్దనడానికి నువ్వెవరు నాయనా?" అంది.

ఉత్పలకేతు ఆమె మూట కూడా తన భుజానికే ఎత్తుకున్నాడు. తల్లీకొడుకుల్లా ఇద్దరూ అడవులు దాటి వచ్చారు.

వాకిట్లో ద్వారపాలకుడు అరచేతిలో ఒక గులకరాయి పెట్టుకుని, లోపలికి పోయే ప్రతివాడికీ చూపించి రంగు అడుగుతున్నాడు. రాయి కాకిరెక్కలా నల్లగా ఉంది.

"తెలుపు" అన్నాడు ముందున్న కుమ్మరి.

"తెలుపు" అంది కూరగాయల గంప ఎత్తుకున్న ఆడమనిషి.

వాళ్ళ వెనక ఉన్న జరీ శాలువా పండితుడైతే, అడిగేదాకా కూడా ఆగకుండా "మల్లెపువ్వంత తెలుపు" అని దాటిపోయాడు.

ఉత్పలకేతు వంతు వచ్చింది. పులి గుహలోకి పోయేవాడు పులితో పేచీ పెట్టుకోకూడదనుకుని "తెలుపు" అన్నాడు. అన్న మరుక్షణం ఆ రాయి మీద ఎండ పడి, నిజంగానే కాస్త తెల్లబడ్డట్టు తోచింది. అతను చప్పున చూపు తిప్పుకున్నాడు.

అతని వెనక ఓబమ్మ. ఆమె రాయి వైపు వంగి చూసి పకపకా నవ్వింది.

"ఇదేం విడ్డూరం నాయనా! నేరేడుపండులా నిగనిగలాడుతుంటే తెలుపంటారేమిటి? ఊరందరికీ ఒక్కసారే చత్వారం వచ్చిందా?"

వరసలో ముందూ వెనకా ఉన్నవాళ్ళు ఆమెకు ఎడంగా జరిగారు. ద్వారపాలకుడికి కోపం రాలేదు. పసిపిల్లకు నచ్చజెప్పినట్టు మెత్తగా అడిగాడు.

"అవ్వా, నీ ముందు ఇంతమంది తెలుపన్నారు గదా. అందరి కళ్ళూ తప్పై, నీ ముసలి కళ్ళే ఒప్పా? ఇంకోసారి చూసి చెప్పు."

"అందరి సంగతీ నాకెందుకయ్యా? నా కళ్ళకు కనబడింది నా నోరు చెప్పింది."

రెండు బల్లేలు ఆమె మెడకు అడ్డంగా దిగాయి. ద్వారపాలకుడు ఉత్పలకేతు వైపు తిరిగాడు. "ఈమె నీ మనిషా?"

యువరాజు చెయ్యి బుట్టలో సాంబ్రాణి కింద దాచిన బాకు మీదికి పోయింది. ఓబమ్మ అది చూసింది. అతను నోరు తెరిచేలోగా తానే అందుకుంది.

"వాడెవడో నాకేం తెలుసు? ఎండకు తాళలేక వాడి బుట్ట నీడన నాలుగడుగులు నడిచాను, అంతే."

ఆమెను ఈడ్చుకుపోయారు. చేతికర్ర దుమ్ములో పడిపోయింది. వరసలో కండలు తిరిగిన రైతులున్నారు, కత్తులు కట్టుకున్న బిడారు కాపలావాళ్ళున్నారు. ఎవరో ఒక్కరు ముందుకు కదిలితే తానూ దూకాలని ఉత్పలకేతు పిడికిలి బిగించాడు. అక్కడున్న ప్రతివాడూ అలాగే పక్కవాడి కోసం ఎదురుచూశాడో ఏమో, ఎవరూ కదల్లేదు. తరవాత వరస మెల్లగా ముందుకు సాగింది. దానితోపాటు అతనూ.

ఓబమ్మను తీసుకుపోయిన దారిన పరుగులాంటి నడకతో పోయాడు గానీ, ఆమెను మింగిన ఇనుప తలుపు ముందు కాపలా దట్టంగా ఉంది. గోడ పాకడానికి వీల్లేకుండా నున్నగా సున్నం కొట్టి ఉంది. ఆ చుట్టూ తిరిగి తిరిగి, ఎండదెబ్బకు కళ్ళు బైర్లు కమ్మి ఒక అరుగు మీద కూలబడ్డాడు.

కళ్ళు తెరిచేసరికి ఎవరో తాటాకు విసనకర్రతో విసురుతున్నారు. ఆ ఇంటాయన సోమిదేవయ్య, తమలపాకులు అమ్ముకుని బతికే పెద్దమనిషి. పరాయి ఊరివాడు వాకిట పడిపోతే చూస్తూ ఊరుకోలేక లోపలికి తెచ్చి మజ్జిగ తాగించాడు. చల్దన్నంలో గడ్డపెరుగు వేసి, తన వంతు కూడా అతనికే కలిపి పెట్టాడు. ఇంత మంచి మనిషిని ఉత్పలకేతు తన దారిలో చూడలేదు.

"తూర్పు వాకిట్లో ఒక ముసలమ్మను పట్టుకున్నారు. ఆమెను ఏం చేస్తారు?" అని అడిగాడు.

సోమిదేవయ్య విసనకర్ర ఆపాడు. "పొద్దున్నే మైదానంలో శుద్ధి చేస్తారు బాబూ. రాళ్ళు వేస్తారు. ఊరందరం పోవాలి."

"మీరూ వేస్తారా?"

"నాకు మాత్రం సరదానా? చీమను తొక్కను నేను." ఆయన గొంతు తగ్గించాడు. "కానీ నేను ఒక్కణ్ణి వెయ్యకపోతే ఆ మనిషి బతుకుతుందా చెప్పు. అంతమంది రాళ్ళలో నా రాయి ఏపాటిది? పైగా ముసుగులుంటాయి. ఎవరు వేసిందీ ఎవరికీ తెలియదు. వేసినవాడికే తెలియదు."

గోడకు కొక్కేనికి రెండు ముసుగులు వేలాడుతున్నాయి. సున్నం పూసిన గుడ్డ, కళ్ళకు రెండు చిల్లులు.

"రెండోది ఎవరిది?"

"మా ఇంటిదానిది. కిందటేడు పోయింది." ఆ ముసుగు మడత సరిచేసి అన్నాడు, "దానికీ ఆ రాయి నల్లగానే కనబడింది బాబూ."

"అప్పుడు మీరు..."

"నేనూ మైదానంలోనే ఉన్నాను" అని సోమిదేవయ్య లేచి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. ఎంతసేపటికీ లోపలికి రాలేదు.

తెల్లారగానే భేరి మోగింది. కోట ముందు మైదానం నిండా జనం, ఒకే తెల్ల మొహం వేలసార్లు అచ్చుగుద్దినట్టు. నడుమ రాతిస్తంభానికి ఓబమ్మను కట్టేశారు. ఎత్తైన బురుజు మీద పట్టుదిండ్లకు ఆనుకుని భస్మాక్షుడు కూర్చున్నాడు. బక్కపలచని మనిషి. మంత్రం చదవలేదు, మంటలు లేపలేదు. వెండిగిన్నెలో ద్రాక్షపళ్ళు తింటున్నాడు. స్తంభం దగ్గర తెల్లగుర్రం పక్కన, ఎర్రబొట్టు పెట్టిన ముసుగుతో సేనాని నిలబడ్డాడు. ఆజ్ఞలిచ్చేది అతనే. కట్టేసిన మనిషి మొహం వైపు మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

ఉత్పలకేతు చనిపోయిన ఇల్లాలి ముసుగు తొడుక్కుని సోమిదేవయ్య పక్కనే ఉన్నాడు. వాళ్ళలో ఒకడిలా విసురుతూ అడుగడుగునా ముందుకు జరగాలి, స్తంభం చేరాలి, తాళ్ళు కోయాలి, ఆ గుర్రం అందుకోవాలి. అదీ అతని పన్నాగం.

"పువ్వు!" అన్నాడు సేనాని.

జనం చేతుల్లోంచి గన్నేరుపూలు లేచాయి. ఓబమ్మ జుట్టు నిండా పూలు. ఉత్పలకేతూ విసిరాడు. పువ్వు వల్ల ఎవరికి హాని? ఒక అడుగు ముందుకు జరిగాడు.

"మట్టి!"

పిడికెడు మట్టి. పువ్వు వేసిన చేతికి మట్టి ఎంతలో పని? ఓబమ్మ కళ్ళు మూసుకుంది. అతను మరికాస్త జరిగాడు.

"గులక!"

భేరి కాస్త వేగం పెంచింది. పక్కవాడి భుజం ఇతని భుజానికీ, ఇతనిది ముందువాడి వీపుకీ తగులుతోంది. వేల ఊపిరులు ఒకే ఊపిరిగా లేచి పడుతున్నాయి. ఆ ఊపులో ఒక విచిత్రమైన హాయి ఉంది. తనకు పేరు లేదు, ఊరు లేదు, జవాబుదారీ లేదు. గులకరాయి అతని చేతిలోంచి ఎప్పుడు పోయిందో!

"రాయి!"

మొదటి రాయి సేనానిది. అతను గుండ్రాయి ఎత్తాడు. ఎత్తి, విసరబోయే ముందు అరచేతిని నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్‌మని ఊదుకున్నాడు.

మట్టికొట్టుకుపోయిన ఓబమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. గోళీలాటలో గోళీ విసిరే ముందు అలా ఊదుకునేవాడు లోకంలో ఆమెకు తెలిసి ఒక్కడే.

"సింగా!" అంది. ఆ గొంతులో బెదురు లేదు. పొలం నుంచి ఆలస్యంగా వచ్చినవాణ్ణి పలకరించినట్టుంది. "ఇంత చిక్కిపోయావేంరా? అన్నం తింటున్నావా?"

సేనాని చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. రాయి జారి అతని పాదం పక్కనే పడింది. అతను ముసుగు లాగేశాడు. అవును, సింగనే. చెంపలు పీక్కుపోయి, కళ్ళు గుంటలు పడి, ఏడాదిగా నిద్ర ఎరగనివాడిలా ఉన్నాడు.

"అమ్మా!"

బురుజు మీద భస్మాక్షుడు ద్రాక్షపండు గింజ ఉమ్మి తాపీగా అన్నాడు. "నువ్వు ఆగితే ఏమైంది సేనానీ? ఇంకొకడు వేస్తాడు."

భేరి ఉరిమింది. ఎక్కణ్ణించో ఒక రాయి వచ్చింది. దాని వెనక రాళ్ళ వాన. సింగన తల్లికి అడ్డంగా పడ్డాడు గానీ ఆలస్యమైపోయింది. ఓబమ్మ తల పక్కకు వాలింది. గన్నేరుపూల మీద నెత్తురు.

ఉత్పలకేతు తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. ఆ చేతిలో ఇందాక ఒక రాయి ఉంది. ఇప్పుడు లేదు.

గొంతు చించుకుని అరుస్తూ ముసుగు పీకి పారేశాడు. మొలలోని బాకు దూసి ముందుకు దూకాడు. వెనక నుంచి రాయి ఒకటి వీపున తగిలింది. గిర్రున తిరిగితే రెండో రాయి ఎత్తిన తెల్లమొహం కనబడింది. భుజం మీద తమలపాకుల సంచీ వేలాడుతోంది.

"సోమిదేవయ్యా! నిన్న నాకు పెరుగన్నం పెట్టింది ఈ చేత్తోనేనా?"

ఆ తెల్లమొహం ఉలిక్కిపడింది. రాయి జారిపోయింది. ముసుగు లోపలి నుంచి ఏడుపు వినబడింది.

సింగన అది చూశాడు. ఏడాదిగా ఈ జనాన్ని నడిపించినవాడు, నడకను బట్టి ఒక్కొక్కరినీ గుర్తు పట్టగలడు. తల్లి కట్లు తెంపుతూ పిలవసాగాడు. "కొమ్మన్నా, నువ్వేనా! గంగసానీ, నీ బిడ్డ చూస్తోంది! లచ్చుమన్నా, రాయి దించు!" పేరు తగిలిన ప్రతివాడి చెయ్యీ దిగిపోయింది. తెల్లటి గోడలో సందులు పడ్డట్టు, జనం నడుమ ఇరుకైన దారి ఒకటి తెరుచుకుంది.

ఉత్పలకేతు ఓబమ్మను చేతుల్లోకి ఎత్తుకుని గుర్రం మీదికి లంఘించాడు. సింగన కళ్ళెం పట్టుకుని పక్కన పరిగెత్తాడు. బల్లెంతో అడ్డం వచ్చినవాణ్ణి గుర్రం డెక్కలతో తన్నింది. ఇంకొకడు సింగన భుజం చీల్చాడు, సింగన వాడి బల్లెమే లాక్కుని వాణ్ణి నేల కరిపించాడు. నది వైపున్న నీటివాకిలి తలుపులు మూతబడుతుండగా ఆ సందులోంచి గుర్రం బాణంలా దూసుకుపోయింది.

అవతల నీలవాహినీ నది. పైకొండల్లో కురిసిన వానకు నీళ్ళు ఎర్రగా సుళ్ళు తిరుగుతున్నాయి. ఒడ్డున బోర్లించిన చేపలవాళ్ళ పుట్టి ఒకటి తప్ప మరేమీ లేదు. గుండ్రటి వెదురుబుట్టకు తోలు కట్టిన చిన్న పుట్టి. ఇద్దరెక్కితే మునిగేటట్టుంది. మారుమాట లేకుండా దాన్ని తిరగేసి ఓబమ్మను అందులో పడుకోబెట్టారు. ఇద్దరూ చెరోపక్కా అంచు పట్టుకుని నీళ్ళలోకి దిగారు. వరద వాళ్ళను ఎత్తుకుపోయింది.

కొంతదూరం పోయాక సింగన చెయ్యి చాచి తల్లి ముక్కు దగ్గర పెట్టాడు. ఊపిరి లేదు. ఆమె జుట్టులో చిక్కుకున్న ఒక్కొక్క పువ్వూ ఏరి నీళ్ళలో వేయసాగాడు.

"మంత్రం కనుక్కు రమ్మన్నావు గదా ఉత్పలా" అన్నాడు తలెత్తకుండా. "మంత్రమేమీ లేదు. అతని గది గదీ వెతికాను. ఒక్క తాటాకు లేదు, ఒక్క యంత్రం లేదు. లోపలుండి తెలుసుకోవాలని మొదటిరోజు పువ్వు వేశాను. అందరూ వేస్తున్నారు గదా అని మట్టి వేశాను. బాగా వేస్తున్నానని ఎర్రబొట్టు పెట్టారు. ఆ తరవాత ఎక్కడ ఆగాలో నాకు తెలియలేదు. పువ్వుకూ రాయికీ మధ్య గీత ఎక్కడుందో ఇప్పటికీ తెలియదు."

ఉత్పలకేతు పుట్టి అంచును ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

"నీ మొలలో బాకు ఉంది" అన్నాడు సింగన. "నేను చేసిన పనికి నువ్వే శిక్ష వెయ్యి. అమ్మ మీద రాయెత్తినవాణ్ణి."

"నువ్వు ఎత్తావు. వెయ్యలేదు" అన్నాడు ఉత్పలకేతు. నదిహోరులో అతని గొంతు వినీవినబడనట్టుంది. "నేను వేశాను సింగా. అది ఆమెకు తగిలిందో లేదో నాకు తెలియదు. తెలియకుండానే చచ్చిపోతాను. ఆమె పాలు తాగిన నేను."

సింగన మొదటిసారి తలెత్తి చూశాడు. ఆ చూపులో కోపముందా, జాలి ఉందా అని వెతికే ధైర్యం ఉత్పలకేతుకు లేకపోయింది. ఇద్దరి మధ్యా ఓబమ్మ నిద్రపోతున్నట్టు పడుకుని ఉంది.

అంతలో ఒడ్డున డెక్కల చప్పుడు. భస్మాక్షుడి విలుకాండ్రు నది వెంబడి గుర్రాలు దౌడు తీయిస్తూ వచ్చి, వంపు దగ్గర మలుపు కాశారు. స్వారీలో ముసుగులు ఎగిరిపోయాయి. ఇందాకటిదాకా తమ సేనాని అయినవాడు నీళ్ళలో, అతని తల్లి శవం పుట్టిలో. విల్లు ఎక్కుపెట్టి కూడా ఎవడూ వదల్లేదు. ఒకడి మొహం ఒకడు చూసుకున్నారు. ఆ ఆగిన క్షణంలో పుట్టి వాళ్ళ ముందునుంచి దాటిపోబోయింది.

అప్పుడు చివర ఉన్న పడుచువాడొకడు, చెయ్యి వణికో, వెనకబడతానేమోనన్న భయంతోనో, నారి వదిలాడు. ఆ ఒక్క బాణం వాళ్ళకు చాలింది. ఆకాశం బాణాలతో నల్లబడింది.

సింగన పుట్టి అంచు మీదినుంచి తల్లి మీదికి వంగి, తన వీపు అడ్డుపెట్టాడు.

"పోయిన మనిషికి ఇంకేం తగులుతుంది సింగా, తల దించు!" అని అరిచాడు ఉత్పలకేతు.

"తగలనివ్వను" అన్నాడు సింగన. "ఇంక ఒక్కటి కూడా తగలనివ్వను."

బాణం ఒకటి అతని భుజంలో దిగబడింది. అతను ఇంకాస్త కిందికి వంగాడు. ఎదురుగా నల్లటి కొండ ఒకటి నదికి అడ్డంగా నిలబడి ఉంది. నది దాని పాదాల దగ్గర తెరుచుకున్న గుహలోకి, రాక్షసుడి నోట్లోకి కల్లు పోసినట్టు బుడబుడమని జారిపోతోంది. అందులోకి పోయిన పడవ తిరిగి వచ్చినట్టు ఆ తీరంలో ఎవరూ ఎరగరు. విలుకాండ్రు గుర్రాలు నిలిపేశారు.

చీకటి వాళ్ళను మింగేసింది. పుట్టి గిరగిరా తిరిగింది. గుహ లోతుల్లోంచి నీళ్ళు పాతాళానికి దూకుతున్న ఘోష మొదలై, అంతకంతకూ పెరిగి చెవులు దిబ్బెళ్ళు పడేలా చేసింది. పక్కన రాతిగోడకు మెట్టులాంటి అంచు ఒకటి ఉత్పలకేతు చేతికి తగిలింది. పుట్టి వదిలేస్తే దాన్ని పట్టుకుని పైకి పాకొచ్చు.

"సింగా! ఇక్కడ గట్టుంది! పుట్టి వదిలెయ్యి!"

"నువ్వు ఎక్కు ఉత్పలా. నేను వదల్లేను."

ఉత్పలకేతు వేళ్ళు ఒక్క క్షణం రాతిని పట్టుకున్నాయి. అటు తిరిగి చూసే జనం లేరు. చెప్పేవాడు లేడు. భేరి లేదు. అతను రాతిని వదిలేశాడు. తడుముకుంటూ చెయ్యి చాచి, ఓబమ్మ చల్లటి పాదాల మీద సింగన చేతిని పట్టుకున్నాడు.

నది ఆ ముగ్గురినీ కలిపే కిందికి తీసుకుపోయింది.